మ్యూనిక్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్: ఇంటిల్లిపాదికీ సరిపడే ఊరు ఏది?

ప్రశ్న – హైదరాబాద్ నుంచి

అందరికీ నమస్కారం. నాకు జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కంపెనీకి మ్యూనిక్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఆఫీసులున్నాయి. ఎక్కడ చేరతారో మీరే తేల్చుకోండి అన్నారు. మ్యూనిక్ అయితే ఏడాదికి నాలుగు వేల యూరోలు ఎక్కువ ఇస్తారట. బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వస్తున్నాను. భార్య, నాలుగేళ్ల పాప కూడా వస్తారు. తను ఇక్కడ ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తోంది. ఎక్కడ డబ్బు మిగులుతుంది, ఎక్కడ మనవాళ్లు ఎక్కువ, ఏ ఊరు మేలు? వచ్చే శుక్రవారంలోగా కంపెనీకి చెప్పాలి. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు – ఆఫెన్‌బాఖ్ నుంచి

మీ ఉత్తరంలో మీ భార్య గురించి ఒక్క వాక్యమే ఉంది. నా జవాబంతా ఆ వాక్యం గురించే.

మీరు ఏ ఊరికి వెళ్లినా మొదటి రోజే మీకో కుర్చీ, బల్ల, పేరుపెట్టి పలకరించే పదిమంది సిద్ధంగా ఉంటారు. ఆవిడకు ఏ ఊళ్లోనూ అవి ఉండవు. అందుకే ఊరిని ఎంచుకోవలసింది ఉద్యోగం చేతిలో ఉన్న మనిషి కోసం కాదు, ఉద్యోగం వదులుకుని వస్తున్న మనిషి కోసం. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నేను పడి తెలుసుకున్నది.

మేము 2012లో వచ్చాం. మా వారికి రెండు చోట్ల ఉద్యోగాలు వస్తే, జీతం కాస్త ఎక్కువని నెకార్ నది ఒడ్డునున్న ఒక చిన్న ఊరికి వెళ్లాం. చూడముచ్చటైన ఊరు. ద్రాక్షతోటలు, కొండవాలు, ఎర్ర పెంకుల ఇళ్లు. బస్సు గంటకొకటి. బస్‌స్టాపులో అద్దం వెనుక అతికించిన వేళల పట్టిక నాకిప్పటికీ నోటికి వచ్చు: 9:12, 10:12, 11:12. పొద్దున మా వారు వెళ్లిపోయాక, బాబును బండిలో కూర్చోబెట్టుకుని రొట్టెల దుకాణం దాకా నడిచేదాన్ని. అక్కడి ఆవిడ రొట్టె కాగితంలో చుట్టి ఇస్తూ "ఇంకేమైనా కావాలా?" అని అడిగేది, నేను "వద్దు, థాంక్స్" అనేదాన్ని. ఎనిమిది నెలల పాటు బయటి మనిషితో నేను మాట్లాడిన జర్మన్ అంతే. భాష తరగతులు పక్క పట్నంలో సాయంత్రం పూట ఉండేవి. తరగతి ముగిసేది ఎనిమిదిన్నరకు, మా ఊరికి చివరి బస్సు 7:40కి. ఆ యాభై నిమిషాల తేడా వల్ల నాకు ఏడాదిన్నర పోయింది. ఎంకామ్ చదివి నాలుగేళ్లు పనిచేసిన దాన్ని, బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే మా వారు ఇంటికి వచ్చేదాకా దాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని.

తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఉన్న ఆఫెన్‌బాఖ్‌కు మారాం. ఇంటికి పది నిమిషాల నడకలో ఫోక్స్‌హోహ్‌షూలె, అంటే పురపాలక సంఘాలు నడిపే వయోజన విద్యాలయం. ఉదయం తొమ్మిదికి తరగతి. భాష, దేశ పరిచయం కలిపిన ఇంటెగ్రేషన్ కోర్సు అక్కడే పూర్తి చేశాను. నా బల్ల మీదే ఒక సిరియా అమ్మాయి, ఒక పోలెండ్ నర్సు కూర్చునేవారు. ముగ్గురికీ ఉమ్మడిగా తెలిసిన భాష జర్మన్ ఒక్కటే, అదీ విరిగిన జర్మన్. దానితోనే స్నేహం కుదిరింది. మూడో ఏడాదికి ఒక చిన్న ఆఫీసులో లెక్కల పనిలో చేరాను.

మీ భార్యదీ లెక్కల పనే కాబట్టి ఇది ఆవిడకు తప్పక చెప్పండి. జమాఖర్చుల పద్ధతి ఎక్కడైనా ఒకటే. డెబిట్‌ను ఇక్కడ జొల్ అంటారు, క్రెడిట్‌ను హాబెన్ అంటారు. విలువ ఆధారిత పన్ను 19 శాతం, ఆహార పదార్థాలూ పుస్తకాల వంటివాటికి 7 శాతం. ఖాతాల పట్టికలకు ఎస్‌కేఆర్ 03, ఎస్‌కేఆర్ 04 అని స్థిరమైన అంకెలున్నాయి. పన్ను సలహాదారుల ఆఫీసుల్లో ఎక్కువగా దాటెవ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు, దానికి విడిగా శిక్షణ దొరుకుతుంది. ఇవన్నీ చెయ్యి తిరిగిన మనిషికి కొన్ని నెలల పని. అడ్డమంతా భాష దగ్గరే. ఆవిడ జర్మన్ కనీసం బీ2 దాకా, అంటే ఏ1, ఏ2, బీ1 దాటి నాలుగో మెట్టు దాకా రావాలి. కాబట్టి మూడు ఊళ్లలోనూ మొదట చూడవలసింది ఆవిడకు పొద్దుటి పూట తరగతి, పాపకు కిటా (బడికి ముందు పిల్లలు వెళ్లే శిశు సంరక్షణ కేంద్రం), మీ ఇల్లు, ఈ మూడూ ఎంత దగ్గర్లో కుదురుతాయన్నదే.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో లాగా రాష్ట్రానికొక ఆదాయపు పన్ను ఇక్కడ లేదు. మూడు ఊళ్లలోనూ ఒకటే. ఆ నాలుగు వేలలో పన్ను, బీమాలు పోగా మీ చేతికి వచ్చేది రమారమి సగం, నెలకు నూట డెబ్భై యూరోలకు అటూ ఇటూ. మ్యూనిక్‌లో అద్దెలు దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. ముగ్గురికి సరిపడే ఇల్లు తీసుకుంటే ఆ డబ్బు అద్దె తేడాలోనే కరిగిపోతుంది. ప్రకటనలో కనిపించే కాల్ట్‌మీటె వట్టి గోడల అద్దె. వెచ్చదనానికీ నీళ్లకూ మెట్ల శుభ్రతకూ కలిపితే వచ్చేది వార్మ్‌మీటె. మీరు లెక్క వేసుకోవలసింది రెండోది, కరెంటు చాలాచోట్ల అందులోనూ ఉండదు. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించి అడగకూడదని చట్టం, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ఇంకొకటి, చాలా ఇళ్లు వంటగది లేకుండా ఇస్తారు. వంటగది లేకుండా అంటే గది ఉంటుంది, గోడలోంచి రెండు గొట్టాలు పొడుచుకుని ఉంటాయి. స్టవ్వు, సింకు, అలమరలు మీరే తెచ్చి బిగించుకోవాలి. ఇల్లు చూసేటప్పుడు ఈ ప్రశ్న మొదట అడగండి.

బెర్లిన్‌లో 2018 నుంచి కిటా ఫీజు అసలు లేదు, తిండికి నెలకు 23 యూరోలు కడితే చాలు. ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సె రాష్ట్రంలో మూడేళ్లు నిండిన పిల్లలకు రోజుకు ఆరు గంటలు ఉచితం. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఆ వయసు పిల్లలకు ప్రభుత్వం నెలకు వంద యూరోలు భరిస్తుంది, మిగతాది ఊరినీ కిటానూ బట్టి ఉంటుంది. కిటాలో చోటు చట్టం ఇచ్చిన హక్కే, అయినా ఇంటికి దగ్గర్లో చోటు దొరకడానికి నెలలు పడుతుంది. వచ్చాక చూద్దాం అనుకోకండి, ఊరు తేలిన వారంలోనే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి.

బెర్లిన్ మీద నాకు చిన్నచూపు లేదు. ఇంగ్లిష్‌తో నడిచే ఆఫీసులు అక్కడే ఎక్కువ, ఊరు ఉదారమైనది. కానీ ఇల్లు దొరకడం మహా కష్టం, ఒక్క ఇంటిని చూడడానికి మెట్ల మీద వరుస కడతారు. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. కొత్తగా వచ్చి ఇంట్లో ఉండే మనిషికి ఆ చీకటి చిన్న విషయం కాదు.

మనవాళ్లు మూడు చోట్లా ఉన్నారు. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ఎక్కడైనా జరుగుతాయి. అయితే పండుగ నాడు హాలు నిండడం వేరు, మంగళవారం పదకొండు గంటలకు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండడం వేరు. ఆ రెండో మనిషి తరగతిలో దొరుకుతుంది, కిటా గుమ్మం దగ్గర దొరుకుతుంది.

నన్నడిగితే ఫ్రాంక్‌ఫర్ట్. బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, పన్ను సలహాదారులు అన్నీ ఇక్కడే కాబట్టి మీ ఇద్దరి వృత్తులకూ కుదిరే ఊరు ఇదే. ఊరు చిన్నది, దూరాలు తక్కువ. ఆఫెన్‌బాఖ్ నుంచి ఎస్8, ఎస్9 రైళ్లు మారకుండా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా విమానాశ్రయం దాకా వెళతాయి. హైదరాబాద్‌కు నేరుగా విమానం 2024 జనవరిలో మొదలైంది. మా అమ్మ మొన్న ఒంటరిగా వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి మధ్యలో ఇంకో విమానం వెతుక్కునే పని లేకుండా వచ్చిందంటే ఆ తేడా ఏమిటో మీకే తెలుస్తుంది.

మ్యూనిక్ నుంచి

ఆఫెన్‌బాఖ్ అక్కగారు చెప్పినదాంతో ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. మిగిలిన పావు వంతు చెప్పాలి.

ఇక్కడ తొమ్మిదేళ్లలో నా ఉద్యోగం రెండుసార్లు పోయింది. రెండోసారి మా విభాగం మొత్తాన్నే మూసేశారు. రెండుసార్లూ కొత్త ఉద్యోగం ఇదే ఊళ్లో దొరికింది. ఇల్లు మారలేదు, బాబు బడి మారలేదు. కార్లు, చిప్పులు, బీమా, విమానాలు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే ఊళ్లో ఉండడం వల్ల కలిగే నిశ్చింత అది. బ్లూ కార్డ్ మీద మొదటి ఏడాదిలో కంపెనీ మారితే విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి, వారు పరిశీలిస్తారు. ఉద్యోగం పోతే మళ్లీ వెతుక్కోవడానికి చేతిలో ఉండేది కొద్ది నెలలే. అప్పుడు ఊళ్లో మీ పనికి సంబంధించిన కంపెనీలు ఎన్ని ఉన్నాయన్నదే మిమ్మల్ని కాపాడుతుంది. కాబట్టి ఊరి పేరు చూడకండి. ఆ ఊళ్లో మీ పనికి ప్రకటనలు ఎన్ని ఉన్నాయో, వాటిలో జర్మన్ అడగనివి ఎన్నో ఈ వారమే కూర్చుని లెక్కపెట్టండి.

అద్దెల విషయంలో అక్కగారి మాటే నిజం. మేము ఊళ్లో దొరక్క డాహౌకు వెళ్లాం, ఎస్2 రైలు మీద ఆధారపడి బతుకుతున్నాం. మ్యూనిక్ రావాలనుకుంటే నాలుగు వేలకు ఒప్పుకోకండి, ఇంకా అడగండి.

పాప చదువు గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. బవేరియాలో ప్రాథమిక బడి నాలుగేళ్లే. నాలుగో తరగతిలో జర్మన్, గణితం, పరిసరాల పాఠం మూడింటిలో సగటు 2.33 లోపు ఉంటేనే నేరుగా గిమ్నాజియంకు, అంటే విశ్వవిద్యాలయానికి దారితీసే ఉన్నత పాఠశాలకు, సిఫారసు చేస్తారు. ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి మార్కు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు పదేళ్ల వయసులో జర్మన్ మార్కు మీద దారి తేలడం బరువే. సిఫారసు రాకపోతే మూడు రోజుల ప్రవేశ తరగతుల దారి ఉంది. మా వాడు ఆ దారిన వెళ్లాడు, ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. హెస్సెలో తల్లిదండ్రుల మాటకు విలువ ఎక్కువ. బెర్లిన్‌లో ప్రాథమిక బడి ఆరేళ్లు. నాలుగేళ్ల పాప ఇప్పుడే కిటాలో చేరితే బడికి వెళ్లేనాటికి భాష వచ్చేస్తుంది, అది మీకు కలిసొచ్చే విషయం.

హైదరాబాద్ నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉత్తరాలు తనకు చదివి వినిపించాను. బస్సు సంగతి దగ్గర ఆపమని, ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదివింది. ఫ్రాంక్‌ఫర్ట్ వైపే మొగ్గుతున్నాం. ఇంకొక్క సందేహం. నేను ముందు వచ్చి, ప్రొబేషన్ ఆరు నెలలూ అయ్యాక వీళ్లను తీసుకురావడం మంచిదా?

ఆఫెన్‌బాఖ్ నుంచి

ఆరు నెలలు వద్దు. రెండు మూడు నెలలు చాలు. ప్రొబేషన్‌లో రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు, ఆ భయం నిజమైనదే. దానికి మందు కుటుంబాన్ని దూరంగా ఉంచడం కాదు, మొదటి ఇంటిని సామాను ఉన్నదిగా, తక్కువ కాలానికి తీసుకోవడం. ఏడాది దాకా ఖాళీ చేయనని రాసిన కాగితం మీద మాత్రం మొదట్లోనే సంతకం పెట్టకండి.

ఇల్లు ఏదైనా సరే, ఆ చిరునామాలో నమోదుకు ఒప్పుకుంటారా అని ముందే అడగండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఆ నమోదు, అంటే అన్మెల్డుంగ్, చేయించాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది లేకపోతే పన్ను సంఖ్య రాదు, కిటా దరఖాస్తు కదలదు. యజమాని విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళంచెవి కొరియర్‌లో పంపుతాడు అని ఎవరైనా అంటే అది మోసమే. ఇంటిని కళ్లతో చూడకుండా ఒక్క యూరో కూడా పంపకండి.

దేశమంతటా ఊరి రైళ్లకూ బస్సులకూ పనికొచ్చే నెలవారీ టికెట్ ఒకటుంది. 2023లో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. మీరొక్కరే ఉండే ఆ రెండు నెలల్లో శనివారాలు ఆ టికెట్‌తో ఆఫెన్‌బాఖ్, బాడ్ హోంబుర్గ్, ఎష్‌బోర్న్ తిరగండి. రైలు దిగి కిటా దాకా, అక్కడి నుంచి తరగతి దాకా నడవండి. పాప అడుగులతో ఎంతసేపు పడుతుందో చూసుకోండి.

బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకు వీసా కోసం ఏ1 పరీక్ష తప్పనిసరి కాదు, వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. పరీక్ష అవసరం లేకపోయినా హైదరాబాద్‌లో గోథె సెంటర్‌లో ఏ1 మొదలుపెట్టమనండి. ఇక్కడికి వచ్చేసరికి ఏ2 తరగతిలో కూర్చోవచ్చు, నాలుగు నెలలు కలిసొస్తాయి. మీకూ అది పనికొస్తుంది: బీ1 ఉంటే 21 నెలలకు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

తరగతుల గురించి, లెక్కల ఉద్యోగాల గురించి ఇక మీ ద్వారా వద్దు. ఆవిడనే నేరుగా రాయమనండి. నా మొదటి ఏడాది తరగతి పుస్తకాలు ఇంకా అటకమీదే ఉన్నాయి, ఆవిడ వచ్చేలోగా దించి ఉంచుతాను.