ఉల్లాపూల్ నుంచి డర్నెస్‌కు ఒక్క రోజులో: ఏ దారి మేలు?

సెప్టెంబరులో అమ్మను వెంటబెట్టుకుని స్కాట్లాండు వాయవ్య తీరం వెంట ఉల్లాపూల్ నుంచి డర్నెస్ వరకు ఒకే పగటిలో కారులో వెళ్లాలనుకుంటున్నాను. ప్రధాన రహదారిలో సుమారు 110 కిలోమీటర్లే అయినా, అసింట్ సరస్సు ఒడ్డున శిథిలమై నిలిచిన ఆర్డ్‌వ్రెక్ కోట వద్ద, 1984లో ఫెర్రీకి బదులుగా వచ్చిన కైల్‌స్కూ వంతెన వద్ద, చివరగా డర్నెస్ పక్కనే ఉన్న స్మూ గుహ వద్ద తీరిగ్గా ఆగాలని ఉంది.

నా సందేహమల్లా, కోట దాటాక లాకిన్వర్ వైపు మళ్లి, డ్రమ్‌బెగ్ మీదుగా సముద్రాన్ని ఒరుసుకుంటూ సాగే బి869 దారి గురించే. అది ఒక్క వాహనం మాత్రమే పట్టే రోడ్డు. కొన్నిచోట్ల వాలు 25 శాతం దాకా ఉంటుంది. నిరుడు స్కై దీవిలో ఇలాంటి రోడ్డు మీదే ఎదురుగా క్యాంపర్‌వ్యాన్ రాగా, వెనక ఉన్న పాసింగ్ ప్లేస్ దాకా నేను కారును రివర్స్ చేస్తున్నంతసేపూ అమ్మ ఫ్లాస్కును ఒడిలో అదిమిపట్టి కళ్లు మూసుకునే కూర్చుంది (కాఫీ మాత్రం చుక్క ఒలకలేదు).

ఆ దారిలో స్వయంగా నడిపినవారు, చిన్న కారుకు ఎంత సమయం పట్టిందో, ఆ శ్రమకు తగిన దృశ్యాలు ఉన్నాయో లేదో తెలుపగలరా? స్మూ గుహకు దిగే మెట్లు మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి వీలవుతాయా అన్నది కూడా దయచేసి చెప్పగలరు.