ఆన్‌లైన్ ఇంటర్నల్స్: చూపు లేని విద్యార్థికి వేరే పేపర్ ఇవ్వాలా, అదే పేపర్‌ను చదవగలిగేలా ఇవ్వాలా?

ఎకనామిక్స్ లెక్చరర్, గుంటూరు జిల్లా

మా డిగ్రీ కాలేజీలో ఇంటర్నల్స్ మూడుల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లో పెడుతున్నాం. నా క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకరు, డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో ఇబ్బంది) ఉన్న అబ్బాయి ఒకరు ఉన్నారు. మొదటి టెస్టు రోజు ఆ అమ్మాయి పక్కనే నిలబడి చూశాను. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ప్రశ్నలన్నీ చకచకా చదువుతోంది. డిమాండ్, సప్లై రేఖల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి "గ్రాఫిక్" అని ఆగిపోయింది. ఆ అమ్మాయి వెనక్కి వెళ్ళి మళ్ళీ వింది. మళ్ళీ "గ్రాఫిక్" అనే. మూడోసారి కూడా విని, ఆ ప్రశ్న వదిలేసి ముందుకెళ్ళింది. ఐదు మార్కుల ప్రశ్న అది. ఆ బొమ్మ పెట్టింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో టెస్టుకు బొమ్మలున్న ప్రశ్నలు తీసేసి, వేరే ప్రశ్నలతో ఆమె కోసం ఇంకో క్విజ్ తయారుచేశాను. మంచి మార్కులు వచ్చాయి. కానీ క్లాసులో ఇద్దరు "ఆమెకు ఈజీ పేపర్ ఇచ్చారు కదా మేడమ్" అని మొహం మీదే అడిగారు. స్టాఫ్ రూమ్‌లోనూ అదే మాట. నేను చేసింది తప్పా?

పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్ళు

మేడమ్, మీ మనసు మంచిది, కాదనను. కానీ ఇద్దరు విద్యార్థులకు రెండు వేర్వేరు పేపర్లు ఇచ్చి, ఆ మార్కుల్ని ఒకే జాబితాలో ఎలా పెడతాం? పేపర్ కష్టమా తేలికా అన్నది సెట్ చేసినవాళ్ళకే ఒక పట్టాన తెలియదు. రెండో పేపర్ స్థాయి సరిగ్గా ఉందో లేదో ఇంకొకరు చూసే మోడరేషన్ ఎవరు చేశారు? రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ దగ్గర జవాబేముంటుంది? ఇన్నేళ్ళుగా నడుస్తున్న పద్ధతి ఉంది: చదివిపెట్టి, చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇవ్వండి, అదనపు సమయం ఇవ్వండి. ప్రశ్నల జోలికి పోకండి.

పీజీ విద్యార్థి, హైదరాబాద్

సార్, నాకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ మూడేళ్ళూ స్క్రైబ్‌తోనే రాశాను. ఒక పరీక్షలో వచ్చిన తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, మంచివాడే. గ్రాఫ్ చూసి "అన్నా, రెండు గీతలు ఇంటూ మార్కులా ఉన్నాయి" అన్నాడు. ఏ గీత ఏమిటో, అంకెలు ఎక్కడున్నాయో చెప్పడం అతనికి రాలేదు. అతని తప్పేముంది? ఎకనామిక్స్ తెలిసినవాళ్ళు స్క్రైబ్‌గా వస్తే కాపీ అని మీరే ఒప్పుకోరు.

మీరన్న ఒక్క మాట మాత్రం నిజం. నాకూ వేరే పేపర్ వద్దు. "వీడికి ఈజీ పేపర్" అనే మాట మార్కుల మెమో మీద కనిపించకపోయినా మా వెంటే తిరుగుతుంది. అందరికీ ఇచ్చిన ప్రశ్ననే నాకు చదవగలిగేలా ఇవ్వండి, అంతే. రేఖలు కలిసే బిందువు కనుక్కోమన్నప్పుడు నాకు బొమ్మ అక్కర్లేదు. ధర 10 అయితే డిమాండ్ 80, సప్లై 40. ధర 20 అయితే రెండూ 60. ధర 30 అయితే డిమాండ్ 40, సప్లై 80. ఈ మూడు వరుసల పట్టిక ఉంటే సమతౌల్యం ఎక్కడో నేనే చెబుతాను.

బొమ్మలే కాదు. తెలుగు మీడియం పేపర్లలో ప్రశ్నల్ని పాత అను ఫాంట్లలో టైప్ చేసి అతికిస్తారు. కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. యూనికోడ్‌లో టైప్ చేస్తే సగం బాధ తీరుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ పెడితే అసలు ఏమీ వినపడదు. మౌస్‌తో లాగి జతపరిచే ప్రశ్నలు కీబోర్డుతో చేయగలమో లేదో ముందే చూడండి.

మూడుల్ అడ్మిన్, విశాఖ

నేను మా కాలేజీలో ఈ పనే చేస్తాను. మేడమ్, అదనపు సమయం కోసం ఇంకో క్విజ్ తయారు చేయనక్కర్లేదు. అదే క్విజ్‌లో 'యూజర్ ఓవర్‌రైడ్' ఉంటుంది. ఆ విద్యార్థికి మాత్రమే టైమ్ లిమిట్ పెంచవచ్చు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: టైమ్ లిమిట్ పెంచి, క్విజ్ ముగిసే గడియారం వేళను అలాగే వదిలేస్తారు. నేనూ ఒకసారి అలాగే వదిలేశాను. 40 నిమిషాలు ఎక్కువ ఇచ్చానని అనుకున్నాను. సరిగ్గా 12 గంటలకు అందరితో పాటు ఆ అబ్బాయి క్విజ్ కూడా మూసుకుపోయింది. అతను ఒక వాక్యం మధ్యలో ఉన్నాడు. తర్వాత మళ్ళీ అవకాశం ఇచ్చాం, కానీ అప్పటికే అతని చేతులు వణుకుతున్నాయి. రెండూ మార్చాలి, ముందురోజే మార్చాలి.

ఓవర్‌రైడ్‌తో ప్రశ్న మారదు. ప్రశ్నే మార్చాల్సి వస్తే రెండో క్విజ్ తప్పదు, దాంతో తలనొప్పులూ తప్పవు. కాపీ చేసి మార్చిన ప్రశ్న వేరే ప్రశ్న కిందే లెక్క, కాబట్టి ఒకదానిలో జవాబు కీ తప్పని దిద్దితే రెండోదానిలో అలాగే ఉండిపోతుంది. మార్కుల జాబితా అయిన గ్రేడ్‌బుక్‌లో రెండు కాలమ్‌లు వస్తాయి. సెట్టింగ్ చూసుకోకపోతే రాయని క్విజ్ సున్నాగా కలిసిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, రెండో క్విజ్‌కు 'పీడబ్ల్యూడీ (వైకల్యం ఉన్నవారి) టెస్ట్' అని పేరు పెట్టి దాచడం మరచిపోతే క్లాసంతా చూస్తుంది. డిస్‌గ్రాఫియా సంగతి ఎవరికీ చెప్పుకోని పిల్లలుంటారు. వాళ్ళ రహస్యం మన చేతిలో బయటపడకూడదు.

పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్ళు

పట్టిక సంగతి ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. కానీ రెండు విషయాలు. గ్రాఫ్ గీయడమే పరీక్ష అయితే? అక్కడ పట్టిక ఇస్తే పరీక్షే మారిపోయింది కదా. ఇక ఆ డిస్‌గ్రాఫియా అబ్బాయికి 40 శాతం వైకల్యం ఉందనే సర్టిఫికెట్ ఉందా? లేకుండా టైమ్ ఇస్తే రేపు క్లాసులో సగం మంది డాక్టర్ చీటీలు తెస్తారు.

లా చదివి టీచింగ్‌లో ఉన్నాను

సార్, రెండోదానికి నేను చెబుతాను. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఇదే తేల్చింది. రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేయి బిగుసుకుపోవడం) ఉన్న అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ స్క్రైబ్‌ను ఇవ్వలేదు. అది చెల్లదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలిచ్చింది. వైద్యుల ధ్రువీకరణ అందులోనూ పెట్టారు, కాబట్టి ఏ చీటీ పడితే అది చెల్లదు. సమయం సంగతికొస్తే 2018 మార్గదర్శకాల్లోనే గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనంగా ఇవ్వాలని చెప్పారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షా విధానాన్నే తగినట్లు మార్చమంటోంది. ఎవరో జాలిపడి ఇచ్చేది కాదిది.

మొదటి ప్రశ్న నిజంగా కష్టమైనదే. గీయడమే నైపుణ్యం అయిన సబ్జెక్టులు ఉన్నాయి. కానీ మైక్రో ఎకనామిక్స్‌లో మనం చూసేది గీసే నేర్పా, ధర పెరిగితే ఏం జరుగుతుందో తెలిసిందా అన్నదా? పేపర్ సెట్ చేసే ముందే ప్రతి ప్రశ్న పక్కన "ఇది ఏం పరీక్షిస్తోంది" అని ఒక ముక్క రాసుకుంటే, ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో అప్పుడే తెలిసిపోతుంది.

ఎకనామిక్స్ లెక్చరర్, గుంటూరు జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కూర్చుని నా ప్రశ్నలన్నీ అలాగే చూసుకున్నాను. పన్నెండు ప్రశ్నల్లో బొమ్మ లేకపోతే అసలు అడగలేనిది ఒక్కటే. మిగతావాటిలో బొమ్మ కింద పట్టిక పెట్టేశాను, ఆ అమ్మాయికే కాదు, అందరికీ. ఆ ఒక్క ప్రశ్నకు ప్రత్యామ్నాయం రాసి, ముందుగా మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో మేడమ్‌కు చూపించాను. ఆ అమ్మాయికీ, డిస్‌గ్రాఫియా అబ్బాయికీ ఓవర్‌రైడ్ పెట్టాను, ముగిసే వేళ కూడా మార్చాను.

మొదటి టెస్టులో వదిలేసిన ఆ ఐదు మార్కుల ప్రశ్నను పట్టికతో మళ్ళీ ఇవ్వడానికి ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాను. ఆ సంగతి చెబుదామని అమ్మాయికి ఫోన్ చేస్తే, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు పొద్దున్నే రానా మేడమ్?" అని అడిగింది.