ఇలినాయ్ జకెట్ సాక్సఫోన్ అరుపులు: సంగీతమా, చప్పట్ల కోసమా?

బెజవాడ శ్రోత: అమెరికా సాక్సఫోన్ వాద్యకారుడు జకెట్‌ని బ్లూస్, జాజ్ రెండింట్లోనూ గొప్ప టెనార్ (కాస్త మందర స్వరం పలికే సాక్సఫోన్) వాద్యకారుడంటారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 1944 జులైలో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మానిక్ ఆడిటోరియం కచేరీ రికార్డు వినండి. రీడును (నోటి దగ్గర కంపించే పలచని పుల్లను) పళ్లతో నొక్కిపట్టి కీచుమనిపిస్తుంటే జనం ఊగిపోయారు, నిజమే. సంగీతం ఏది?

టెనార్ పిచ్చి: ఆ ఒక్క రికార్డుతో తీర్పు చెప్పేస్తే ఎలా అండీ? 1942లో లయొనెల్ హాంప్టన్ బ్యాండుతో 'ఫ్లయింగ్ హోమ్' రికార్డు చేసినప్పుడు జకెట్‌కి 19 ఏళ్లు, అంతకుముందు ఆల్టో (టెనార్ కన్నా చిన్న సాక్సఫోన్) వాయించేవాడు, హాంప్టన్ అడిగాడని టెనార్‌కి మారాడు. ఆ సోలో మొదట్లో నింపాదిగా అల్లుకుంటూ వెళ్తాడు, ఆ తర్వాతే ఒకే స్వరాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ కొడతాడు. ఆయన ఆ బ్యాండు వదిలాక వచ్చిన టెనార్ వాళ్లకి కూడా ఆ సోలో వాయించక తప్పలేదు. రిథమ్ అండ్ బ్లూస్ సాక్సఫోన్ అక్కడే మొదలైందని నా నమ్మకం.

బెజవాడ శ్రోత: ప్రభావం వేరు, విలువ వేరు. బిగ్ జే మెక్‌నీలీ అనే సాక్సఫోన్ వాద్యకారుడు స్టేజీ మీద వెల్లకిలా పడుకుని వాయించేదాకా వెళ్లింది ఆ దారే కదా.

హ్యూస్టన్ తెలుగోడు: జనం కోసం వాయించాడని తక్కువ చేస్తున్నారు. ఆయన పెరిగింది మా ఊళ్లోనే. ఇక్కడ తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ సీట్లు వేరుగా ఉండే రోజుల్లో, 1955 అక్టోబర్‌లో కచేరీల నిర్వాహకుడు నార్మన్ గ్రాంజ్ ఇక్కడి మ్యూజిక్ హాల్లో అందరినీ కలిపి కూర్చోబెట్టి కచేరీ పెట్టాడు. పోలీసులు తెర వెనక గదిలోకి దూసుకొచ్చి పాచికలాట కేసు పెట్టి జకెట్‌ని, ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీని, గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌ని కూడా అరెస్టు చేశారు. సొంత ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుని వింటారన్నది జకెట్‌కి చాలా ముఖ్యం.

బెజవాడ శ్రోత: ఆ ధైర్యానికి దణ్ణం పెడతాను. కానీ అది వాద్యం గురించిన జవాబు కాదు.

టెనార్ పిచ్చి: సరే, వాద్యమే. 1947 నాటి 'రాబిన్స్ నెస్ట్' వినండి, ఎంత మెత్తగా, తొందర లేకుండా వాయించాడో. 1983లో హార్వర్డ్ పిలిచి పాఠాలు చెప్పించుకుంది కీచులు విని కాదు.

బెజవాడ శ్రోత: అది విన్నాను, చాలా బాగుంది. అందుకే అడుగుతున్నా, అంత చక్కగా వాయించగలిగినవాడికి ఆ అరుపులెందుకు?

టెనార్ పిచ్చి: బ్లూస్ పాడేవాళ్లు మాట చాలనప్పుడు గొంతు చించుకుని అరుస్తారు, దాన్ని మనం తప్పు పట్టం. జకెట్ లాంటి టెక్సస్ టెనార్ వాళ్లు సాక్సఫోన్‌తో చేసింది కూడా అదే.