వైనతేయ పక్క శివారు పొలంలో ఉప్పు తేరుతోంది: జిప్సం వెయ్యాలా, ముందు తూము చూడాలా?

శివారు_చేను:
అందరికీ నమస్కారమండి. కోనసీమలో మధ్య డెల్టా కాలువ చిట్టచివర, గోదావరి వైనతేయ పాయకు అర కిలోమీటరు లోపు మూడెకరాల సంగతి ఇది. సార్వాకు (వానాకాలం పంట) ఏ ఇబ్బందీ లేదు, తంటా అంతా దాళ్వాకే (రెండో పంట). ఫిబ్రవరి నడిమికి వచ్చేసరికి మురుగు డ్రెయిన్ వైపు మడుల్లో ఆకు కొసలు తెల్లగా ఎండి, చేను మచ్చలు మచ్చలుగా కూర్చుండిపోతోంది. గట్లు ఆరినచోట తెల్లగా ఉప్పు తేరుతోంది. ఫిల్టర్ పాయింట్ (లోతు తక్కువ బోరు) నీళ్ళు జనవరిలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత, డెసీసీమెన్స్/మీటరు) 1.2 ఉంటే మార్చిలో 4 చూపిస్తున్నాయి. పొలం మురుగు 60 సెం.మీ. హ్యూమ్ పైపులోంచి డ్రెయిన్‌లోకి పోతుంది, బయటి కొసన పైనుంచి వేలాడే ఇనుప తలుపు ఉంది. ఎరువుల కొట్టులో ఎకరాకు రెండు టన్నుల జిప్సం వెయ్యమంటున్నారు. పడమర గట్టును ఆనుకుని రొయ్యల చెరువు కూడా ఉంది. ఉప్పు ఎటునుంచి వస్తోందో తేల్చుకునేదెలా? జిప్సం పనికొస్తుందా?

మట్టి_పరీక్ష:
కొట్టువాళ్ళ మాట కాసేపు పక్కన పెట్టండి. జిప్సం క్షారపు చౌడుకు మందు, ఉప్పు చౌడుకు కాదు. క్షారపు నేలలో మట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుంది, జిప్సంలోని కాల్షియం దాన్ని తోసేస్తుంది. సముద్రపు ఉప్పు ఎక్కిన నేలలో ఉప్పు నీళ్ళలో కరిగే ఉంటుంది. దానికి మంచినీళ్ళు పెట్టడం, మురుగు తీయడం తప్ప వేరే మందు లేదు. జిప్సం కూడా ఒక లవణమే, ఊరికే పోస్తే ఈసీ ఇంకాస్త పెరుగుతుంది.

తేడా తెలియాలంటే మచ్చ పడ్డచోట ఒకటి, బాగున్నచోట ఒకటి, 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి విడివిడిగా పరీక్షకు ఇవ్వండి. రెండూ కలిపేస్తే సగటు వచ్చి ఏమీ తెలియదు. పీహెచ్ 8.5 లోపు ఉండి ఈసీ 4 దాటితే ఉప్పు చౌడు. పీహెచ్ 8.5 దాటి, మార్పిడి సోడియం (మట్టి రేణువులకు పట్టుకున్న సోడియం వాటా) 15 శాతానికి మించితే అప్పుడు జిప్సం లెక్క వేయించుకోండి.

రిపోర్టు చదివేటప్పుడు చాలామంది పొరబడేది ఒకచోట. మన ల్యాబుల్లో ఎక్కువగా ఒక వంతు మట్టికి రెండు వంతుల నీళ్ళు కలిపి ఈసీ చూస్తారు. పుస్తకాల్లో ఉండే హద్దులు మాత్రం ముద్దగా తడిపిన మట్టి రసానివి. బంకమట్టిలో ఈ రెండో అంకె మొదటిదానికి రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. రిపోర్టులో 1.8 చూసి 'హమ్మయ్య' అనుకుంటారు, వేరు దగ్గర అది 4, 5 అయ్యుంటుంది. వరికి ముద్ద లెక్కలో ఈసీ 3 వరకు దిగుబడి తగ్గదు. ఆపైన ఒక్కో పాయింటుకు సుమారు 12 శాతం పోతుంది.

లాకు_దగ్గర:
డ్రెయిన్ వైపు మడులే ముందు పోతున్నాయంటే మొదటి అనుమానం ఆ తలుపు మీదే.

పని చేసే తీరు తేలికే. పోటుకు బయట నీరు లేస్తే తలుపు మూసుకోవాలి, ఆటుకు బయట తగ్గితే లోపలి మురుగు తోసి తెరవాలి. చెడేది మూడు చోట్ల. ఒకటి, గుర్రపుడెక్క. అది మంచినీళ్ళ మొక్క, మురుగుతో కొట్టుకొచ్చి సరిగ్గా ఉప్పు తగిలేచోట, అంటే మీ తూము మూతిలో, చచ్చి కుళ్ళుతుంది. ఆ వేళ్ళ జుట్టు తలుపు కింది పెదవికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంటుంది. రెండు, గోడ కుంగడం. చట్రం పైఅంచు కొంచెం పొలం వైపు వాలి ఉంటేనే తలుపు తన బరువుతో చట్రానికి ఆనుకుంటుంది. గోడ డ్రెయిన్ వైపు ఒరిగితే తలుపు గాలిలో వేలాడుతుంది, కింద సందు పడుతుంది. మేస్త్రీ దగ్గర తూకం గుండు తెచ్చి పట్టుకుంటే నిమిషంలో తెలుస్తుంది. మూడు, తుప్పు. ఇరుసు పట్టేస్తే తలుపు సగంలో నిలిచిపోతుంది.

ఆ సందు ఎంత పని చేస్తుందో లెక్క చూడండి. 60 సెం.మీ. పెదవి వెంట రెండు సెంటీమీటర్ల సందు, బయట నీరు లోపలికన్నా 30 సెం.మీ. ఎత్తు అనుకుందాం. సెకనుకు సుమారు 17 లీటర్లు లోపలికి వస్తాయి. పోటు నాలుగు గంటలు నిలిస్తే రెండున్నర లక్షల లీటర్లు. వేసవిలో ఆ నీళ్ళలో లీటరుకు 10 గ్రాముల ఉప్పుంటే (అసలు సముద్రంలో 35 ఉంటుంది) ఒక్క పోటుకు రెండున్నర టన్నులు. పోటు రోజుకు రెండుసార్లు.

పరీక్ష ఇలా చెయ్యండి. అమావాస్యకో పౌర్ణమికో పోటు నిండుగా ఉన్నప్పుడు, పైపు లోపలి మూతి దగ్గర గుప్పెడు ఊక చల్లండి. ఊక పొలం వైపు జరిగితే తలుపు కారుతోంది. జరగకపోతే ఉప్పు ఇంకోచోటినుంచి వస్తోంది. పోటు వేళ రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్న చూసిన టైముకే ఇవాళ వెళ్తే దొరకదు.

బాగు చేయించేటప్పుడు మళ్ళీ ఇనుము వద్దు. ఫైబర్ తలుపు, స్టెయిన్‌లెస్ ఇరుసు, చట్రం చుట్టూ రబ్బరు పట్టీ పెట్టించండి. తేలిక తలుపు కాబట్టి కొద్దిపాటి మురుగుకే తెరుచుకుంటుంది. లోపలివైపు రెండు మీటర్ల దూరంలో వెదురు దడి కట్టి, డెక్కను అక్కడే ఆపి వారానికోసారి లాగెయ్యండి. పీతలు పైపు పక్కనే బొరియలు తవ్వుతాయి, తలుపు కొత్తదైనా నీరు ఆ దారిన వస్తుంది. పైపు చుట్టూ బంకమట్టి పోసి దిమ్మిస చేయించాలి.

ఇంకొకటి. మురుగు దిగకపోవడం, ఉప్పు ఎక్కడం ఒకే రోగం కాదు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరాన సముద్ర మట్టమే ఏడాది మొత్తంలో ఎత్తుగా ఉంటుంది, అందుకే సార్వా కోతలప్పుడు వాన పడితే డ్రెయిన్లు కక్కుతాయి. ఫిబ్రవరి, మార్చిల్లో మట్టం తగ్గుతుంది, ఉప్పు మాత్రం అప్పుడే పైకొస్తుంది. నదిలో దాన్ని వెనక్కి నెట్టే నీరు లేకపోవడం వల్ల. ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు ఎండాకాలం వదిలేది దాదాపు ఏమీ ఉండదు. వచ్చే కాస్త నీరూ, సీలేరు జలాశయాల నుంచి దింపే నీరూ మూడు డెల్టా కాలువలకే చాలీచాలకుండా పోతుంది. అక్కడ కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. పొలానికి మంచినీరు చేరిందీ, పాయకు వేసవి నీరు తగ్గిందీ ఆ ఒక్క కట్టతోనే. పైగా సముద్రం ఏటా మూడు, నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతోంది. పాతికేళ్ళ కిందట సరిపోయిన గట్టు ఎత్తు ఇప్పుడు చాలదు. తూము బాగుచేసేటప్పుడే గట్టు మరో అడుగు లేపండి.

శివారు_చేను:
ధన్యవాదాలండి. ఊక కదిలింది, పొలం వైపే. తలుపు సంగతి చూస్తాం. మరి ఫిల్టర్ పాయింట్, చెరువు?

ఇసుక_దిబ్బ:
ఫిల్టర్ పాయింట్‌లో ఈసీ జనవరికీ మార్చికీ మారుతోందంటే కిందినుంచి ఉప్పునీరు లేస్తోంది. ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే కింద సుమారు 40 అడుగులు ఉంటుంది. మోటారుతో పైన ఒక అడుగు లాగేస్తే నిలకడ మీద కింద ఉప్పు 40 అడుగులు పైకి రావాలని లెక్క. అంత తొందరగా రాదు గానీ బోరు మూతి కింద శంకువులా ఎగదన్నుతుంది. లోతు పెంచితే బాగుపడుతుందనుకోవడం తప్పు, ఉప్పుకు దగ్గరవుతారంతే. ఒక 5 హెచ్‌పీ మోటారు బదులు లోతు తక్కువ పాయింట్లు రెండు మూడు దూరదూరంగా వేసి, చిన్న మోటారుతో రెండు గంటలు తోడి, నాలుగు గంటలు ఆపండి.

ఈసీ 2 ఉన్న నీళ్ళు ఎకరాకు ఐదు సెంటీమీటర్లు పెడితే ఆ తడితో 260 కిలోల ఉప్పు చేలో చేరినట్టు. ఈసీ 4 నీళ్ళు నేరుగా వద్దు. మీ వంతు (కాలువ నీరు విడతలుగా వదిలే రోజు) వచ్చినప్పుడు కాలువ నీరు (ఈసీ 0.4 ఉంటుందనుకోండి) రెండు పాళ్ళు, బోరు నీరు ఒక పాలు కలిపితే 1.6కి దిగుతుంది.

చెరువు ఊటకు గట్టుకూ చేనుకూ మధ్య మూడడుగుల లోతు, రెండడుగుల వెడల్పు కందకం తీసి, తూము లోపలివైపుకే కలపండి. కందకంలో నీరు మడి మట్టం కన్నా కిందే ఉండాలి, నిండిపోయిన కందకం ఇంకో చెరువుతో సమానం. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీరు ఖాళీ చేసే రోజు ముందే చెప్పమనండి, ఆ రోజు తూము దగ్గర మనిషుండాలి.

ఆకుమడి:
పంట వైపు నుంచి రెండు మాటలు. డ్రమ్ సీడర్, వెదజల్లుడు ఆ డ్రెయిన్ వైపు మడుల్లో మానెయ్యండి. మొలక ఉప్పుకు తట్టుకుంటుంది గానీ రెండు మూడాకుల పిల్ల తట్టుకోలేదు. 30, 35 రోజుల ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు, దగ్గర దగ్గరగా ఊడ్చండి. పిలక దశలో గట్టిగానే ఉంటుంది, మళ్ళీ చిరుపొట్ట, పూత దశల్లో దెబ్బ తింటుంది. 120 రోజుల రకం నవంబరు 20 లోపు ఆకుమడి పోస్తే పూత ఫిబ్రవరి మూడో వారానికి వస్తుంది. డిసెంబరు నెలాఖరుకు పోస్తే పూత మార్చి చివర, సరిగ్గా వంతులు నడుస్తూ ఉప్పు నెత్తి మీదున్నప్పుడు. మచిలీపట్నం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎం.సి.ఎం. రకాలు ఉప్పును ఓర్చుకుంటాయి, వాటిలో దాళ్వాకు ఏది నప్పుతుందో మార్టేరు వరి పరిశోధన స్థానంలో అడగండి. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వెయ్యండి, భాస్వరం ఎరువుతో కలపకుండా.

కోత కాగానే తడి ఉండగానే నాలుగు అంగుళాల దుక్కి దున్నండి, లేకపోతే ఏప్రిల్, మే ఎండకు కింది ఉప్పంతా పైకి లేస్తుంది. కడిగేది జూలై, ఆగస్టుల్లో, ఎర్రనీరు (గోదావరి వరద నీరు) వచ్చి డ్రెయిన్‌లో కూడా ఉప్పు తగ్గి చప్పబడ్డాక. పది సెంటీమీటర్లు పెట్టి రెండు రోజులుంచి, ఆటుకు వదిలెయ్యాలి. ఇలా మూడుసార్లు చేస్తే 30 సెం.మీ. నీరు, ఎకరాకు 12 లక్షల లీటర్లు. బంకనేల కాబట్టి నాలుగోసారి పట్టినా ఆశ్చర్యం లేదు.

తలుపు బాగయ్యేదాకా మాత్రం కడగకండి. అమావాస్య వస్తే మళ్ళీ మొదటికే.