పొట్ట కొవ్వులో వాపు: జ్వరం, నొప్పి లేకుండా ఎలా సాగుతుంది?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, ఇచ్ఛాపురం)

మా అమ్మగారికి షుగరు పెరుగుతోందని శ్రీకాకుళంలో డాక్టరు గారికి చూపించాం. ఆవిడ మరీ లావు కాదు, పొట్ట మాత్రం బాగా పెరిగింది. పొట్ట లోపలి కొవ్వులో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నందువల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని డాక్టరు గారు చెప్పారు. జ్వరమూ నొప్పీ లేకుండా ఈ వాపు ఎలా సాగుతుంది? నేను బైపీసీ చదివినదాన్ని కాబట్టి కణస్థాయిలో చెప్పినా అర్థం చేసుకోగలను. మోకాళ్ళ నొప్పులకు ఆవిడ ఎలాగూ నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు. వాటితో ఈ వాపు కూడా తగ్గుతుందా?

జవాబు (జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం)

మేడమ్, తిండిలో మిగులు పెరిగేకొద్దీ ఒక్కో కొవ్వు కణం ఉబ్బుతుంది. రక్తనాళాలు అదే వేగంతో పెరగలేవు కనుక ఆ కణాలకు ఆక్సిజన్ చాలదు, కొన్ని చనిపోతాయి. ఇబ్బందిలో పడ్డ కణాలు వదిలే ఎంసీపీ-1 అనే సంకేత ప్రొటీన్‌ను అనుసరించి రక్తంలోని మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కొవ్వులోకి చేరి, చనిపోయిన కణాలను మింగే మాక్రోఫేజ్‌లవుతాయి. సన్నగా ఉన్నవారి కొవ్వులో 10 శాతం లోపు ఉండే ఈ కణాలు స్థూలకాయుల్లో 40 శాతం దాకా చేరగలవని 2003లో వెలువడిన పరిశోధన చూపించింది. స్లైడులో చూస్తే, కొవ్వు కరిగిపోయి ఖాళీగా కనిపించే ఒక పెద్ద వలయం, దాని చుట్టూ ముదురు రంగు కేంద్రకాలు కిరీటంలా బారు తీరి కనిపిస్తాయి. చనిపోయిన కొవ్వు కణాన్ని మాక్రోఫేజ్‌లు చుట్టుముట్టిన దృశ్యం అది.

ఈ మాక్రోఫేజ్‌ల నుంచి ముఖ్యంగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే, వాపును పెంచే సంకేత ప్రొటీన్ వెలువడుతుంది. స్థూలకాయపు ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుందని హోతమిస్లిగిల్, స్పీగెల్‌మన్‌ల బృందం 1993లోనే తేల్చింది. మామూలుగా ఇన్సులిన్ గ్రాహకం ఐఆర్‌ఎస్-1 అనే ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించి సంకేతాన్ని ముందుకు పంపుతుంది. టీఎన్‌ఎఫ్ ప్రభావంతో మేల్కొన్న జేఎన్‌కే, ఐకేకే-బీటా ఎంజైములు అదే ప్రొటీన్‌లోని సెరీన్ అనే మరో అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించడంతో సంకేతం అక్కడే బలహీనపడుతుంది, గ్లూకోజును లోపలికి తీసుకునే గ్లూట్4 కణం పైపొరకు సరిగా చేరదు. కొవ్వు విచ్ఛిన్నాన్ని ఆపే శక్తి కూడా ఇన్సులిన్‌కు తగ్గడం వల్ల ఫ్యాటీ ఆమ్లాలు కాలేయానికీ కండరాలకూ పారుతాయి. నా దృష్టిలో అసలు నష్టం ఇదే. ఇన్ఫెక్షన్‌లో వెలువడే మోతాదుతో పోలిస్తే ఇక్కడి రసాయనాలు చాలా తక్కువ, కానీ ఏళ్ల తరబడి వెలువడతాయి. అందుకే జ్వరం కనిపించదు.

జవాబు (వైద్యుడు, పలాస)

అమ్మా, దయచేసి ఆ నొప్పి మాత్రల విషయం ముందు చూడండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి నొప్పిని కలిగించే పదార్థాలను తయారుచేసే కాక్స్ ఎంజైములను అడ్డుకుంటాయి. పై మాస్టారు చెప్పిన దారిని సరిచేయవు. సాల్సలేట్ అనే, ఆస్పిరిన్ కోవకు చెందిన మందును పెద్ద మోతాదులో పరీక్షించినప్పుడు షుగరు కొంత తగ్గింది గానీ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పెరిగింది, అది కిడ్నీకి ఇబ్బంది కలిగిందనడానికి గుర్తు కావచ్చు. కవిటి, కంచిలి, సోంపేట వంటి మన ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు తెలుసు. కిడ్నీ పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు వెంటనే చేయించండి. డాక్టరును అడగకుండా ఆ మాత్రలు కొనసాగించవద్దు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్షలు రేపే చేయిస్తాను. లావు కానివారికి ఇలా ఎందుకు వస్తుంది?

జవాబు (జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం)

చర్మం కింద కొవ్వును భద్రంగా దాచుకునే సామర్థ్యం మనవారిలో చాలామందికి తక్కువ. అది నిండాక మిగులు పొట్ట లోపలికీ కాలేయానికీ చేరుతుంది. అందువల్లే భారతీయులకు స్థూలకాయపు హద్దును బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత) 25గా, నడుము కొలత హద్దును ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లుగా పెట్టారు. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది. పైగా, పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సంకేతంతో నిమిత్తం లేకుండానే గ్లూట్4ను పైపొరకు తెచ్చుకోగలదు, అంటే ఐఆర్‌ఎస్-1 దగ్గరి అడ్డంకి దానికి వర్తించదు. మోకాళ్ళ వల్ల అమ్మగారు ఎక్కువ దూరం నడవలేకపోతే, కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి ముడిచే వ్యాయామం ఎంతవరకు చేయవచ్చో డాక్టరు గారిని అడిగి భోజనం తర్వాత చేయించండి.