బ్రాండింగ్‌ను ‘వాత’ అనాలా, ‘అచ్చు’ అనాలా?

మిషన్ వియెహో, కాలిఫోర్నియా నుంచి:

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. పెద్దలు దారి చూపించాలి.

మా ఊరికి పది నిమిషాల దూరంలో సాన్ హువాన్ కాపిస్ట్రానో అనే పాత పట్టణం ఉంది. 1776 నవంబరు 1న స్పెయిన్ పాదిరీలు అక్కడ మిషన్ పెట్టారు. కాలిఫోర్నియాలో వాళ్లు కట్టిన 21 మిషన్లలో అది ఏడోది. ఊరంతా దాని చుట్టూనే పెరిగింది. రైలు పట్టాల అవతల లోస్ రియోస్ అనే వీధిలో 1794 నాటి మట్టి ఇటుకల ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ వీధిలో నాకు పరిచయమైన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ తాతలు మూడు తరాలు పశువుల వెంట గుర్రాల మీద తిరిగినవాళ్లు. ఆవిడ చెప్పిన మాటలు రికార్డు చేసుకుని, ఇక్కడి మన పిల్లల తెలుగు తరగతి కోసం తెలుగులో రాస్తున్నాను. మేముండే ఈ కాలనీలన్నీ ఒకప్పుడు ఆ పశువులు మేసిన నేలే కదా, పిల్లలకు తెలియాలని.

ఆవిడ అన్న వాక్యం ఇది: ‘మా తాత రోడియోకి వెళ్తే వారం దాకా వచ్చేవాడు కాదు, దూడలన్నిటికీ బ్రాండ్ వేశాకే ఇంటికి.’

బ్రాండ్ అంటే ఇక్కడ పశువు ఎవరిదో తెలియడానికి కాల్చిన ఇనుముతో వేసే గుర్తు. ఆ మాటను అలాగే ఉంచితే మన పిల్లలకు బూట్ల కంపెనీ గుర్తొస్తుంది. ‘దూడలకు వాతలు పెట్టాక’ అని రాశాను. చదివి చూసుకుంటే ఏదో తేడాగా ఉంది. వాత అంటే శిక్షలా వినిపిస్తోంది. ఏమనాలి?

నెల్లూరు నుంచి:

‘ముద్ర’ అనండి, సరిపోతుంది. రాజముద్ర, ముద్ర వేయడం అందరికీ తెలిసినవే.

అనంతపురం నుంచి:

మీకు తేడాగా అనిపించింది సరైనదే, అమ్మా. వాతకు రూపం ఉండదు. గిత్తకు భుజం వాచినా, కాలు ఈడ్చినా ఇనప కడ్డీ ఎర్రగా కాల్చి గీతలు పెట్టేవాళ్లు. అది వైద్యం. అల్లరి పిల్లాణ్ణి ‘వాత పెడతా’ అని బెదిరించేది అందుకే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటే, చారల కోసం ఒళ్లు కాల్చుకుందని. ఎక్కడా ‘ఇది నాది’ అనే అర్థం రాదు. వాత చూసి పశువు ఎవరిదో చెప్పలేం.

ముద్రలో ఆ అర్థం ఉంది కానీ, అది కాగితం మీదా లక్క మీదా పడేది. చర్మం కాలిన వాసన అందులో రాదు.

మనకు పశువు ఒంటి మీద కాల్చి వేసే గుర్తుకు అసలు మాట ఒకటి ఉంది. అందరం వాడతాం కానీ లోపల ఏముందో చూడం. అచ్చు. అచ్చోసిన ఆంబోతు.

మిషన్ వియెహో నుంచి:

అయ్యో, అది తిట్టు కదండీ! పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి అంటాం.

అనంతపురం నుంచి:

తిట్టు తర్వాత వచ్చింది. ముందు అది ఒక ఆచారం. ఇంట్లో పెద్దవాళ్లు పోతే పదకొండో రోజున వాళ్ల పేరు మీద ఒక కోడెను దేవుడికి వదిలేవాళ్లు. దాన్ని వృషోత్సర్జనం అంటారు. కాల్చిన ఇనుముతో త్రిశూలమో చక్రమో తొడ మీద అచ్చు వేసి వదిలితే, ఇక అది ఎవరిదీ కాదు. కాడి కట్టకూడదు, కొట్టకూడదు, ఏ చేలో పడి మేసినా బందెలదొడ్డికి తోలకూడదు. ఊరి ఆవులకు అదే ఆంబోతు. ఎవరూ అదిలించరు కాబట్టి ఇష్టారాజ్యంగా తిరుగుతుంది. ఆ తిరుగుడు చూసి మనుషులకు అన్వయించారు.

ఇప్పుడు మీ కాపిస్ట్రానోకి వద్దాం. అక్కడ ఇనుముతో కాల్చేది దేనికి? మీరు చెప్పండి, నాకు తెలిసింది పుస్తకాల్లో చదివిందే.

మిషన్ వియెహో నుంచి:

అక్కడ కంచెలు లేవు. రాంచో అంటే పశువులు పెంచే పెద్ద భూమి. ఒక రాంచోకీ ఇంకో రాంచోకీ మధ్య హద్దు అంటే ఒక వాగో, ఒక పెద్ద చెట్టో. పశువులు ఏడాదంతా కలిసిపోయి మేసేవి. అందుకే ఏడాదికి ఒక్కసారైనా ఇరుగుపొరుగు వాళ్లంతా గుర్రాలెక్కి, కొండల్లో ఉన్నదాన్నల్లా చుట్టుముట్టి ఒక మైదానంలోకి తోలేవాళ్లు. రోడియో అంటే అదే. స్పానిష్‌లో ‘రొదెయార్’ అంటే చుట్టుముట్టడం. ఇప్పుడు టికెట్టు కొని చూసే ఎద్దుల ఆట కాదు. దూడ ఏ తల్లి వెంట నడుస్తుందో చూసి, ఆ తల్లి తొడ మీద ఏ గుర్తు ఉందో అదే దూడకూ వేసేవాళ్లు. గొడవలొస్తే తీర్చడానికి ‘హువెస్ దె కాంపో’ అని ఒక మైదానం న్యాయాధికారి ఉండేవాడు. కాలిఫోర్నియా అమెరికాలో కలిశాక కూడా 1851లో రోడియోల గురించి చట్టం చేశారంటే అది ఎంత ముఖ్యమైన పనో చూడండి.

కాబట్టి అక్కడ ఆ కాలిన గుర్తు అంటే ‘ఇది మాది’ అని.

అనంతపురం నుంచి:

అదీ నేను చెప్పాలనుకున్నది. కాల్చేది అదే ఇనుము, కాలేది అదే చోటు. వాళ్ల దగ్గర గుర్తు పడితే పశువు ఒకరి సొత్తు. మన దగ్గర అచ్చు పడితే అది అందరి చేతుల్లోంచీ బయటికి వచ్చేసినట్టు. మన మామూలు పశువుకు అచ్చే అక్కర్లేదు. పది ఆవులున్న ఇంట్లో ప్రతి ఆవుకీ పేరు ఉంటుంది, సాయంత్రం అదే దొడ్డికి వస్తుంది.

దీనికి ఇంకో అందమైన తిరగేత ఉంది. ఇంగ్లీషులో మావెరిక్ అంటారు కదా, గుంపులో కలవని మనిషిని. టెక్సస్‌లో, అదీ ఇంకో మిషన్ ఊరే, సాన్ ఆంటోనియోలో శామ్యూల్ మావెరిక్ అనే వకీలు ఉండేవాడు. బాకీ కింద వచ్చిన మందకు బ్రాండ్లు వేయించకుండా వదిలేశాడు. గుర్తు లేని పశువు కనిపిస్తే ‘మావెరిక్‌ది అయ్యుంటుంది’ అనడం మొదలై, చివరికి గుర్తు లేని పశువే మావెరిక్ అయింది. తర్వాత ఎవరి మాటా వినని మనిషి అయ్యాడు. అంటే వాళ్ల భాషలో గుర్తు పడనిది స్వేచ్ఛగా తిరుగుతుంది, మన భాషలో గుర్తు పడ్డదే తిరుగుతుంది. పైగా వాళ్లు దాన్ని మెచ్చుకోలుగా వాడతారు, మనం తిట్టుగా. మావెరిక్‌ను ఎవరైనా ‘అచ్చోసిన ఆంబోతు’ అని అనువదిస్తే, మాట దగ్గరగానే కనిపిస్తుంది కానీ తలకిందులైపోతుంది.

మిషన్ వియెహో నుంచి:

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానండీ. కాలిఫోర్నియా పాత స్పానిష్‌లో మావెరిక్‌కి ‘ఒరెహానో’ అంటారు. ఒరెహా అంటే చెవి. చెవి కోసి గుర్తు పెట్టని దూడ అని.

మెదక్ నుంచి:

నడుమ వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ‘రాంచో’ అని ఎందుకు వదిలేశారు? మా దిక్కు ‘కంచ’ అనే మాట ఉంది. కంచ అంటే ముళ్ల కంచె ఒక్కటే కాదు, పశువులు మేసే బీడు భూమి. హైదరాబాద్ పక్కన కంచ గచ్చిబౌలి పేరు అందరూ విన్నదే. జీవాలను కంచలకు తోలుకపోవుడు మా చిన్నప్పటి మాట.

మిషన్ వియెహో నుంచి:

కంచ చాలా బాగుంది. మేసే నేల అని రాయాల్సిన ప్రతిచోటా ఇక అదే రాస్తాను. రాంచోకి మాత్రం ఒక చిక్కు ఉంది. ఆ మాటకు స్పానిష్‌లో మొదటి అర్థం కలిసి వండుకు తినే గుంపు, వాళ్ల బస. సిపాయిల భోజనాల బంతి లాంటిది. ఆ మాట మెక్సికో చేరాక పశువుల నేలకు ఆ పేరు అంటుకుంది. పెద్దావిడ రాంచో అన్నప్పుడల్లా నేల కన్నా మనుషులే ఎక్కువ వినిపిస్తారు. వంటపొయ్యి, చాకిరీ, పెళ్లి, ఎవరు ఎవరికి మేనమామ, అన్నీ అందులోనే. అందుకే రాంచోను రాంచోగా ఉంచి, ఒక్కసారి కథ చెప్పేస్తాను.

ఒంగోలు నుంచి:

నా సందేహం మిషన్ మాట మీద. మాకు మిషన్ అంటే కాంపౌండు, బడి, ఆసుపత్రి. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి పెట్టాడు. ఆ కరువు చివర్లో, 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకునే సంగతి. మీరు మిషన్ అని రాస్తే మేము అదే ఊహించుకుంటాం. అక్కడిదీ అలాంటిదేనా?

మిషన్ వియెహో నుంచి:

మంచి ప్రశ్న అడిగారండీ. కాదు. అక్కడ మిషన్ అంటే గుడి, పొలం, మంద, మనుషులు అన్నీ కలిపి ఒకే కట్టడి. అక్కడి మూలవాసులు అహాచెమెన్ జనం. బాప్తిస్మం తీసుకున్నాక పాదిరీల అనుమతి లేకుండా మిషన్ వదిలి వెళ్లడానికి వీల్లేదు. పారిపోతే సిపాయిలు పట్టుకొచ్చేవాళ్లు. మూలవాసులు గుర్రమెక్కకూడదని స్పెయిన్ నియమం. కానీ వేల పశువులను కాలినడకన కాయలేరు కదా, అందుకని మిషన్లే వాళ్లకు స్వారీ నేర్పించాయి. కాలిఫోర్నియాలో మొదటి వకేరోలు, అంటే గుర్రమెక్కి పశువులు కాసేవాళ్లు, చాలామంది వాళ్లే. ఇంగ్లీషులో బకరూ అన్న మాట ఆ వకేరోనే, నోరు తిరగక అలా మారింది. లారియట్ ‘లా రెయాతా’ నుంచి వచ్చింది, అంటే పచ్చితోలు పేనిన తాడు.

వాళ్లు కట్టిన పెద్ద రాతి గుడి 1806లో పూర్తయింది. ఆరేళ్లకే, 1812 డిసెంబరు 8న, పూజ జరుగుతుండగా భూకంపం వచ్చి కూలింది. సుమారు 40 మంది పోయారు, దాదాపు అందరూ మూలవాసులే. ఆ గోడలు ఇప్పటికీ అలాగే విరిగి నిలబడి ఉన్నాయి. మార్చి 19న స్వాలో అనే వలస పక్షులు వచ్చే పండుగ చేసేది అక్కడే. ఆ పండుగ ఊరేగింపులో ఒక్క మోటారు బండీ ఉండదు. అన్నీ గుర్రాలు, గుర్రబ్బండ్లే.

ఇంకో సంగతి చెప్పాలి. అహాచెమెన్ జనాన్ని మిషన్ పేరు మీద ‘హువానేన్యో’లు అన్నారు. హువాన్ మిషన్ వాళ్లు అని. ప్రభుత్వ కాగితాల్లో అదే నిలిచింది. నిన్నటి దాకా అది ఒట్టి పేరనుకున్నాను. మీరు అచ్చు గురించి చెప్పాక, అదీ ఒక అచ్చే అనిపిస్తోంది. ఈనాటి వాళ్లు చాలామంది రెండు పేర్లూ కలిపి రాసుకుంటారు.

నెల్లూరు నుంచి:

నా ‘ముద్ర’ వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి జోడిస్తాను. మా ఒంగోలు జాతి పశువులు దక్షిణ అమెరికాకు వెళ్లి, బ్రెజిల్‌లో మా జిల్లా పేరుతోనే ‘నెలోరె’ అయ్యాయి. అమెరికా వాళ్ల బ్రాహ్మన్ పశువుల్లోనూ ఆ రక్తం ఉంది. మా దగ్గర ఆ జాతి నిలవడానికి దేవుడికి వదిలిన ఆంబోతులూ ఒక కారణం. వదిలేది మంచి కోడెనే వదలాలి అనేది ఊరి పట్టుదల. అంటే మీరు తిట్టు అనుకున్న అచ్చోసిన ఆంబోతే ఆ జాతికి తండ్రి.

అనంతపురం నుంచి:

చాలా మంచి మాట చెప్పారు. ఇక అసలు ప్రశ్నకు. అక్కడ బ్రాండ్ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదే కదా? అధికారుల దగ్గర నమోదు కూడా చేయించుకునేవాళ్లు. అది మన ఇంటిపేరు లాంటిది. అందుకే ‘ఇంటి అచ్చు’ అనండి. ఒట్టి అచ్చు అంటే మనవాళ్లకు దేవుడికి వదిలినట్టు వినిపిస్తుంది. ముందు ‘ఇంటి’ చేరితే ఎవరిదో తెలిసిపోతుంది, అచ్చులో వేడి అలాగే ఉంటుంది.

మిషన్ వియెహో నుంచి:

రాశాను, చూడండి:

‘మా తాత మంద కూడగట్టే రోజుల్లో వెళ్తే వారం దాకా వచ్చేవాడు కాదు. దూడలన్నిటికీ తల్లిని చూసి, ఏ ఇంటి దానికి ఆ ఇంటి అచ్చు వేశాకే తిరిగొచ్చేవాడు.’

రోడియో అనే మాటను కింద ఒక వాక్యంలో చెప్తాను. పెద్దావిడకు మన ఆంబోతు సంగతి నిన్న ఫోన్‌లో చెప్పాను. రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. ‘కాల్చి వదిలేస్తారా? ఎవరూ పట్టుకోరా?’ అని. తర్వాత, ఆ అచ్చు ఎలా ఉండేదో బొమ్మ గీసి పంపమన్నారు. నేను ఎప్పుడూ చూడలేదు. మీలో ఎవరింట్లో అయినా కళ్లారా చూసినవాళ్లు ఉన్నారా? త్రిశూలం ఎటు తొడ మీద, చక్రం ఎటు తొడ మీద, ఇనుము ఎవరు చేసేవాళ్లు, ఎవరి దగ్గర ఉండేది?

ఒంగోలు నుంచి:

మా పక్క ఊళ్లో ఒక పెద్దమ్మ ఉన్నారు, 84 ఏళ్లు. వాళ్ల నాన్న పోయినప్పుడు కోడెను వదిలారని చిన్నప్పుడు విన్నాను. ఆదివారం వెళ్తున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడే పెడతాను. ఇంకేమైనా అడగాలనుంటే శనివారం లోపు రాయండి.

అనంతపురం నుంచి:

ఆ కోడె పేరు అడగండి.