పాత ఐడియాలకే మళ్లీ ఫండింగ్ ఇవ్వడం సబబేనా?

కృష్ణాతీరం:
న్యూయార్క్‌లో 1998లో కాజ్మో అని ఒక కంపెనీ పెట్టారు. ఐస్‌క్రీమ్ ఒక్కటే కొన్నా గంటలో తెచ్చిస్తాం, డెలివరీ చార్జీ లేదు అన్నారు. అమెజాన్ ఒక్కటే అందులో 6 కోట్ల డాలర్లు పెట్టింది. 2001 ఏప్రిల్‌లో మూతపడింది. ఇప్పుడు మన దగ్గర నిమిషాల్లో డెలివరీ అంటూ అదే ఐడియా మీద ఇన్వెస్టర్లు డబ్బు కుమ్మరిస్తున్నారు. మా తమ్ముడు పొలాల్లో మోటార్లకి సెన్సార్ తయారుచేసి తిరుగుతుంటే మాత్రం "మార్కెట్ ఎక్కడుంది" అంటున్నారు. ఇదేం న్యాయం?

వైజాగ్ అల:
మీ తమ్ముడి బాధ అర్థమైంది అన్నా, కానీ ఒకసారి పోయిన ఐడియా ఇక పనికిరాదంటే ఒప్పుకోను. వెబ్‌వ్యాన్ సంగతి చూడండి. 1999లో ఇంటికి కిరాణా తెచ్చిస్తామని మొదలుపెట్టి, ఒక్క ఊళ్లో అయినా లాభం వస్తుందో లేదో తేలకముందే వేరే ఊళ్లలో గోడౌన్లు కట్టడానికి బెక్‌టెల్ అనే నిర్మాణ కంపెనీతో 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది, ఐపీఓలో, అంటే జనానికి షేర్లు అమ్మి, తెచ్చిన 37.5 కోట్ల డాలర్లు కూడా ఖర్చయిపోయి 2001 జులైలో దివాలా తీసింది. 2012లో వచ్చిన ఇన్‌స్టాకార్ట్ గోడౌన్లు కట్టలేదు. ఉన్న సూపర్ మార్కెట్లకే మనుషుల్ని పంపింది. వాళ్ల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి, 1999లో అవెక్కడివి? 2023లో అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది కూడా. పెట్స్ డాట్ కామ్ 2000లో మునిగింది, అదే కుక్కల మేత అమ్మే చ్యూయీని 2017లో 335 కోట్ల డాలర్లకి కొన్నారు.

కృష్ణాతీరం:
మరి మన దగ్గర సరుకులు ఇంటికి తెచ్చిచ్చిన డంజో సంగతి? బెంగళూరు, స్మార్ట్‌ఫోన్లు, యూపీఐ, మ్యాపులు అన్నీ ఉన్నాయి, 2022లో రిలయన్స్ 20 కోట్ల డాలర్లు పెట్టింది. 2025 జనవరికి యాప్ కూడా పనిచేయడం మానేసింది. కాలం మారిందని చెప్పి ఎన్నాళ్లు ఇలా డబ్బు పోస్తారు?

లెక్కల మాస్టారు:
ఇద్దరూ ఐడియా పాతదా కొత్తదా అని కొట్టుకుంటున్నారు గానీ, నేనైతే ఒక్క ఆర్డర్ లెక్క చూపించమంటాను. సరుకు మీద మార్జిన్ ఎంత, ప్యాకింగ్ ఎంత, డెలివరీ కుర్రాడికి ఎంత ఇస్తున్నారు, ఆ పేటలో డార్క్ స్టోర్ (డెలివరీ కోసమే సరుకు ఉంచే చిన్న గోడౌన్) అద్దె గిట్టాలంటే రోజుకి ఎన్ని ఆర్డర్లు రావాలి. డిస్కౌంట్ తీసేశాక కూడా జనం ఆర్డర్ పెడుతున్నారంటే పాత ఐడియాకైనా ఇవ్వొచ్చు. డిస్కౌంట్ ఆపగానే ఆర్డర్లు పడిపోతే మాత్రం ఎన్ని కోట్లు తెచ్చినా అది వ్యాపారం కాదు.

కృష్ణాతీరం:
ఈ మాట ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ ఆ లెక్క అందరినీ అడగాలి కదా. మావాడిని మొదటి మీటింగ్‌లోనే "లాభం ఎప్పుడు" అని నిలదీశారు, డెలివరీ వాళ్ల నష్టాలు మాత్రం ఏళ్ల తరబడి భరిస్తున్నారు.